బ్లియోమైసిన్ పడిన ఊపిరితిత్తులు: చేయవలసినవి, చేయకూడనివి

వృషణాల క్యాన్సర్‌కు చికిత్స పూర్తయి కుర్రాడు ఇంటికి రాగానే మన ఇళ్లలో ఫైలు మాయమవుతుంది. అమ్మ దాన్ని బీరువా పైన, పాత అట్టపెట్టెలో అడుగున పెట్టేస్తుంది. పెళ్లి సంబంధాలు చూడవలసిన వయసు. అడిగినవాళ్లకు "ఏదో చిన్న గడ్డ ఉంటే తీసేశారు" అని చెప్పి మాట మార్చేస్తారు. ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఊరందరికీ చెప్పుకోవలసిన విషయమేమీ కాదది. కానీ ఆ ఫైలులో ఒక మందు పేరు ఉంటుంది. పదేళ్ల తర్వాత హెర్నియాకో, విరిగిన కాలికో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. మత్తు డాక్టరు మంచం పక్కకు వచ్చి "గతంలో పెద్ద జబ్బులేమైనా వచ్చాయా?" అని అడుగుతారు. పక్కన మామగారు నిలబడి ఉన్నారని మనవాడు "ఏమీ లేవండీ" అనేస్తాడు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క జవాబు మారాలని.

ఆ మందు పేరు బ్లియోమైసిన్. 1960లలో జపాన్ శాస్త్రవేత్త హమావో ఉమెజావా బృందం మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని వెలికితీసింది. వృషణాల క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినప్పుడు ఇచ్చే బీఈపీ అనే కీమోలో ముందున్న 'బీ' ఇదే. తర్వాతి రెండు ఎటొపోసైడ్, సిస్‌ప్లాటిన్. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ను మరి రెండు మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక ఈ జబ్బు తీరే మారిపోయింది. ఆ రెండింటిలో ఒకటి బ్లియోమైసిన్. ఇవాళ వృషణాల క్యాన్సర్ వచ్చిన వారిలో తొంభై శాతం పైగా పూర్తిగా నయమవుతున్నారు. ప్రాణం నిలబెట్టిన మందు గనుక దాన్ని తిట్టుకోవలసిన పని లేదు. అది ఒంట్లో ఎక్కడెక్కడ గుర్తులు వదులుతుందో తెలుసుకుని మసలుకుంటే చాలు.

బ్లియోమైసిన్ కణంలోకి దూరి ఇనుముతో జతకడుతుంది. ఆక్సిజన్‌ను వాడుకుని, కణంలోని డీఎన్ఏను ముక్కలు చేసే విష రసాయనాలను పుట్టిస్తుంది. క్యాన్సర్ కణం చచ్చేది అందుకే. మన శరీరంలో చాలా భాగాలకు ఈ మందును విరిచేసే ఎంజైమ్ ఒకటుంది. అది బాగా తక్కువగా ఉన్న చోట్లు రెండే: చర్మం, ఊపిరితిత్తులు. కీమో రోజుల్లో గోకిన చోటల్లా వీపు మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు తేలేది ఇందువల్లే. చర్మం మీది చారలు కంటికి కనిపిస్తాయి. ఊపిరితిత్తుల లోపల జరిగేది కనిపించదు.

ముందు మీ ఫైలు తెరవండి

వృషణాల క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ బ్లియోమైసిన్ ఇవ్వరు. తొలిదశలోనే దొరికితే వృషణం తీసేసి, తర్వాత క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ ఊరుకోవచ్చు. కొందరికి ఒకటి రెండు డోసుల కార్బోప్లాటిన్‌తో సరిపోతుంది. మరికొందరికి బ్లియోమైసిన్ లేకుండా ఎటొపోసైడ్, సిస్‌ప్లాటిన్ మాత్రమే ఇస్తారు. సైకిల్ పందేల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో ఈ జబ్బు వచ్చినప్పుడు ఇండియానా వైద్యులు ఆయన ఊపిరితిత్తులను దృష్టిలో పెట్టుకుని బ్లియోమైసిన్ బదులు ఐఫాస్ఫమైడ్ ఉన్న కీమో ఇచ్చారు. కాబట్టి ముందు మీకు ఇచ్చినదేమిటో తెలుసుకోండి.

మామూలుగా వారానికి 30 యూనిట్ల చొప్పున, మూడు కీమో సైకిళ్లకు (విడతలకు) 270 యూనిట్లు, నాలుగు సైకిళ్లకు 360 యూనిట్లు పడతాయి. లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి వైద్యులు బ్లియోమైసిన్ తీసుకున్న 835 మందిని పరిశీలించి 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో 57 మందికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఎనిమిది మంది చనిపోయారు. వయసు నలభై దాటినవారికి, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి, జబ్బు బాగా ముదిరినవారికి, మొత్తం 300 యూనిట్లు దాటినవారికి ముప్పు ఎక్కువని అందులో తేలింది. మూత్రపిండాల సంగతి ముఖ్యం. బ్లియోమైసిన్ చాలామటుకు మూత్రంలోనే బయటికి పోవాలి. పక్కనే ఇచ్చే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. అవి మందగిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఊపిరితిత్తుల మీద పడుతుంది.

ఈ లెక్కలు చూసి బెంగపడకండి. అదే లెక్కను తిప్పి చూస్తే, నూటికి తొంభై ముగ్గురికి పైగా ఆ ఇబ్బంది రాలేదు. డెన్మార్క్‌లో 565 మందికి బీఈపీ తర్వాత ఏళ్ల తరబడి శ్వాస పరీక్షలు చేసి చూస్తే, తగ్గిన సామర్థ్యం చాలామందిలో మెల్లగా కోలుకుంది. జాగ్రత్త ఎక్కువ కాలం అవసరమయ్యేది కొద్దిమందికే. కానీ ఆ కొద్దిమంది ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు.

చేయవలసినది: ఒక చిన్న కాగితం తయారు చేసుకోండి. జబ్బు పేరు, చికిత్స చేసిన ఆసుపత్రి, నెల, సంవత్సరం, కీమో పేరు, ఎన్ని సైకిళ్లు, బ్లియోమైసిన్ మొత్తం ఎంత, చివరి డోసు తేదీ, మధ్యలో బ్లియోమైసిన్ ఆపేశారా, ఆపితే ఎందుకు ఆపారు. డోసు మీ ఫైలులో ఏ కొలతలో రాశారో అలాగే ఎక్కించండి, మీరు లెక్కలు మార్చవద్దు. ఇది మీ క్యాన్సర్ డాక్టరు చేత ఇంగ్లీషులోనే రాయించుకుని సంతకం పెట్టించుకోండి. లామినేషన్ చేయించి పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకోండి. ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ప్రమాదం జరిగి మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ తరఫున చెప్పేవాళ్లు ఒకరుండాలి. భార్యకో, అన్నకో, ప్రాణ స్నేహితుడికో ఆ ఫోటో పంపండి.

చేయకూడనిది: "నయమైందిగా, ఇంకెందుకు" అని ఫైలు పారేయడం, తగలబెట్టడం, వరదకో చెదలకో వదిలేయడం. కొన్నేళ్లు గడిచాక ఆసుపత్రిలో పాత రికార్డు దొరుకుతుందన్న భరోసా లేదు.

ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు

1978లో న్యూయార్క్ వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చేదు అనుభవాన్ని రాశారు. బ్లియోమైసిన్ తీసుకున్న ఐదుగురికి తర్వాత పెద్ద ఆపరేషన్లు జరిగాయి. ఆపరేషన్లు బాగానే అయ్యాయి. కొన్ని రోజులకు ఐదుగురికీ ఊపిరి అందక ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వచ్చిన పన్నెండు మందికి అదే బృందం ఆక్సిజన్‌ను దాదాపు 24 శాతానికి, అంటే గాలిలో మామూలుగా ఉండే 21కి కాస్త పైన, పరిమితం చేసింది. సెలైన్లు కూడా ఆచితూచి ఎక్కించింది. ఒక్కరూ చనిపోలేదు. ఆ రోజు నుంచి "బ్లియోమైసిన్ తీసుకున్నారా?" అన్నది మత్తు డాక్టర్ల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

తర్వాత ఈ విషయం మీద వాదన నడిచింది, ఇంకా నడుస్తోంది. 1998లో వచ్చిన మరో పరిశీలనలో ఆక్సిజన్ కన్నా ఎక్కువ సెలైన్లు, రక్తం ఎక్కించడమే పెద్ద కారణంగా కనిపించింది. కీమో అయిన ఎన్నేళ్ల వరకు ఈ ముప్పు ఉంటుందన్నదీ అందరూ ఒప్పుకున్న లెక్క కాదు. అందుకే జాగ్రత్తపరులు జీవితాంతం చెప్పమంటారు. ఆ వాదన తేల్చవలసింది వైద్యులు. మీ వంతు పని మందు పేరు చెప్పడం, అంతే. చెప్పాక ఏం చేయాలో మత్తు డాక్టరుకు తెలుసు. శ్వాస పరీక్ష చేయించడం, అవసరమైనంత ఆక్సిజనే ఇవ్వడం, సెలైన్ లెక్క చూసుకోవడం, వీలైతే నడుం కిందికి మత్తు ఇచ్చి సరిపెట్టడం, ఇవన్నీ వారి చేతిలో ఉన్న పనులు. తెలియకపోతేనే చేయలేరు.

ఎప్పుడు చెప్పాలి? మత్తు ఇచ్చే ప్రతి సందర్భంలోనూ. కీమో తర్వాత కడుపు వెనక భాగంలో మిగిలిన గడ్డలు తీసే ఆపరేషన్ అయితే అక్కడి వాళ్లకు మీ చరిత్ర ఎలాగూ తెలుసు. చిక్కంతా చిన్న ఆపరేషన్లతోనే. అపెండిక్స్, పైల్స్, రోడ్డు ప్రమాదంలో ఎముక విరగడం, మీ క్యాన్సర్ సంగతి ఎరగని ఊరి నర్సింగ్ హోమ్. అక్కడ సర్జన్‌కు చెప్పాను కదా అని ఆగవద్దు. మత్తు డాక్టరుకు విడిగా, మీ నోటితో చెప్పండి, కాగితం చూపించండి. ఎవరి ముందైనా చెప్పడం ఇబ్బందిగా ఉంటే "డాక్టరు గారూ, ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అనండి. ఏ డాక్టరూ కాదనరు. మాటలు రాకపోతే కాగితం చేతిలో పెట్టండి.

ఇక ఆక్సిజన్ గురించి మన ఇళ్లలో బలపడిన ఒక నమ్మకం ఉంది. 2021లో కోవిడ్ వేళ సిలిండర్ల కోసం రాత్రింబవళ్లు తిరిగిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువ పెడితే అంత మేలన్న భావన అప్పటి నుంచి గట్టిపడింది. అప్పుడు కొన్న కాన్సంట్రేటర్లు కొన్ని ఇళ్లలో మంచం కింద ఇప్పటికీ ఉన్నాయి. బ్లియోమైసిన్ తీసుకున్న మనిషికి ఆయాసం వచ్చినప్పుడు ఇంట్లో వాళ్లే దాన్ని తీసి ముక్కుకు గొట్టం పెట్టి పెంచేయకూడదు. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాల ప్రకారం, ఈ మందు వల్ల ఊపిరితిత్తులు ఇప్పటికే దెబ్బతిన్నవారిలో రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 85 నుంచి 88 శాతం మధ్య ఉంచడమే లక్ష్యం. ఇతరుల్లో ఆ అంకె చూస్తే గాభరా పడతాం. పారాక్వాట్ అనే గడ్డిమందు ఒంట్లోకి వెళ్లిన కేసుల్లోనూ ఇదే నియమం. మన జిల్లా ఆసుపత్రుల క్యాజువాలిటీలో పనిచేసిన డాక్టర్లకు అది బాగా తెలుసు. మీరు బ్లియోమైసిన్ అనగానే వారికి ఆ పోలిక తట్టవచ్చు.

పై పేరా చదివి ఎవరూ ఆక్సిజన్ అంటేనే వద్దనకూడదు. నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు అది ఇవ్వాల్సిందే. 108 అంబులెన్స్‌లో పెట్టిన మాస్కును పీకేయడం చావు కొని తెచ్చుకోవడమే. "బ్లియోమైసిన్ తీసుకున్నాడు, కొలిచి ఇవ్వండి" అని చెప్పండి చాలు. ఎంత ఇవ్వాలో వాళ్లు చూసుకుంటారు.

దగ్గు, ఆయాసం వస్తే

ఊపిరితిత్తులు దెబ్బతినడం ఎక్కువగా కీమో జరుగుతున్నప్పుడో, అయిన ఆరు నెలల లోపో బయటపడుతుంది. ఆ తర్వాత రావడం అరుదు, కానీ ఉంది. కళ్లె లేని పొడి దగ్గుతో మొదలవుతుంది. మెట్లెక్కితే ముందెన్నడూ లేని ఆయాసం ఉంటుంది. గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీలో పట్టినట్టుంటుంది. ఒక్కోసారి సన్నటి జ్వరం. "కీమో నీరసం, తింటే పోతుంది" అని బలం మందులు తాగుతూ నెల గడిపేస్తారు. ఆ నెల చాలా విలువైనది. తొందరగా గుర్తిస్తే బ్లియోమైసిన్ ఆపేసి, స్టెరాయిడ్లతో చాలామందిని దారిలో పెట్టవచ్చు. మచ్చ గట్టిపడ్డాక ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు.

కీమో నడుస్తుండగా దగ్గు మొదలైతే తర్వాతి బ్లియోమైసిన్ డోసు ఎక్కే ముందే చెప్పండి. చివరి డోసులు పోతాయేమో, జబ్బు తిరగబెడుతుందేమో అన్న భయంతో దాచేవాళ్లున్నారు. ఆ నిర్ణయం డాక్టరుది. అలాంటప్పుడు బ్లియోమైసిన్ ఒక్కటి ఆపి మిగతా రెండూ కొనసాగించడం వాళ్లకు తెలిసిన దారే.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం అనగానే టీబీ గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. కీమోతో నీరసించిన ఒంట్లో టీబీ తలెత్తే అవకాశం ఉంది. కానీ కళ్లె పరీక్ష, స్కానింగ్ లేకుండా, కేవలం ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మాత్రలు మొదలుపెట్టించుకోవద్దు. బ్లియోమైసిన్ మచ్చ ఒక్కోసారి గుండ్రటి గడ్డలా కనిపించి, జబ్బు ఊపిరితిత్తులకు పాకిందేమో అన్న అనుమానం కూడా రేపుతుంది. అంటే ఒకే ఎక్స్‌రే మూడు రకాలుగా అర్థమవుతుంది. ఆ సందర్భంలో పర్సులోని కాగితం చూపిస్తే డాక్టరు సరైన పరీక్షకు పంపుతారు.

ఉన్నట్టుండి ఊపిరాడక, ఛాతీ నొప్పితో, ఒక కాలి పిక్క వాచి ఉంటే అది వేరే సంగతి. సిస్‌ప్లాటిన్ కీమో తీసుకునేవారిలో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. తెల్లవారేదాకా ఆగవద్దు, వెంటనే 108కు ఫోన్ చేయండి.

పొగ, దుమ్ము

సిగరెట్, బీడీ, చుట్ట మానేయాలి. ఇందులో బేరం లేదు. పొగతాగేవారి ఊపిరితిత్తులు బ్లియోమైసిన్‌కు త్వరగా లొంగుతాయి. దానికి తోడు ఈ చికిత్స తీసుకున్నవారికి ఏళ్లు గడిచాక గుండెజబ్బు, మరో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎలాగూ కొంత ఎక్కువ. బ్లియోమైసిన్ తర్వాత చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారి తిమ్మిరెక్కే బాధ కొందరిని వదలదు. పొగ దాన్ని ఇంకా పెంచుతుంది. ఇంట్లో తాతగారు చుట్ట కాలిస్తే ఆరుబయట కాల్చమని చెప్పడం అమర్యాద కాదు. మస్కిటో కాయిల్ వెలిగించి తలుపులు మూసుకుని పడుకోవద్దు, దోమతెర కట్టుకోండి.

వృత్తి గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అది బాధ కలిగిస్తుంది. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా పదిహేను నుంచి ముప్పై అయిదు మధ్య వయసులో. అంటే కష్టపడి పనిచేసే వయసులో. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే కుర్రాడికి, గ్రానైట్ కోసే చోట పనిచేసేవాడికి, పత్తి జిన్నింగ్ మిల్లు కూలీకి, రైస్ మిల్లులో పొట్టు పట్టేవాడికి "విశ్రాంతి తీసుకో" అనడం సులువు. అతడి ఇల్లు గడవాలి. కాబట్టి అడగవలసింది ఇది: దుమ్ము నేరుగా లేచే చోటు నుంచి తూకం దగ్గరికో, లెక్కల దగ్గరికో మార్చమని మేస్త్రీని అడగండి. జబ్బు వివరాలు చెప్పనక్కర్లేదు, "ఊపిరితిత్తులు బాగాలేవని డాక్టరు రాశారు" అంటే చాలు. రాయి కోసే పనిలో మాత్రం తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోదు. ఆ సన్నటి దుమ్ము గుడ్డలోంచి లోపలికి పోతుంది. ఎన్95 మాస్కు, నీళ్లు చల్లుతూ కోయడం అవసరం. వీలుంటే ఆ పనే మారడం మంచిది. పొలంలో గడ్డిమందు కొట్టే పని మీరు చేయకండి, ఇంకొకరికి అప్పగించండి.

సముద్రం లోతు, కొండ ఎత్తు

రుషికొండలో, అండమాన్‌లో ఇప్పుడు స్కూబా డైవింగ్ సరదా పెరిగింది. హనీమూన్ ప్యాకేజీల్లోనే కలిపి ఇస్తున్నారు. బ్లియోమైసిన్ తీసుకున్నవారు స్కూబా జోలికి పోకూడదు. నీటి లోతున ఒత్తిడి పెరిగేకొద్దీ పీల్చే ఆక్సిజన్ ఒత్తిడీ పెరుగుతుంది. పది మీటర్ల లోతున అది రెట్టింపు. దిగే ముందు ఇచ్చే ఫారంలో కీమో గురించి అడిగితే "లేదు" అని టిక్కు పెట్టకండి. ఒడ్డున ఈత, పడవ షికారు, వీటికి అడ్డులేదు.

మధుమేహం పుండ్లకు ఒత్తిడి గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టించే చికిత్స కొన్ని నగరాల్లో దొరుకుతోంది. దానికీ ఇదే మాట. మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు.

కేదారనాథ్ మూడున్నర వేల మీటర్ల పైన ఉంటుంది. శ్వాస పరీక్ష మామూలుగా ఉన్నవాళ్లు వెళ్లవచ్చు, అయినా బయల్దేరే ముందు డాక్టరుతో మాట్లాడండి. దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బాలు సరదాకు పీల్చవద్దు. విమానం ఎక్కడానికి మామూలుగా అభ్యంతరం లేదు, ఇంట్లో నడిచినా ఆయాసపడేవాళ్లు మాత్రం ముందు అడగాలి.

ఏటా గుర్తుంచుకోవలసినవి కొన్ని

ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినప్పుడు. గుండె దడకు వాడే అమియోడరోన్, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, మూత్రంలో మంటకు ఇచ్చే నైట్రోఫ్యూరాంటాయిన్, ఈ మూడూ వాటంతట అవే ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టగలవు. ఎవరైనా రాస్తే మీ పాత కథ చెప్పండి. కీమో రోజుల్లో నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా మింగవద్దు, మూత్రపిండాలు పాడైతే ఊపిరితిత్తులకూ చేటు.

రోజూ నడవండి. ప్రాణాయామం చేసే అలవాటుంటే బిగబట్టకుండా చేసుకోండి, మంచిదే. అది ఆయాసానికి పరీక్ష కాదు, వైద్యమూ కాదు. ఆయాసం పెరిగిందో లేదో తెలుసుకోవడానికి నాకు తోచిన తేలిక మార్గం మీ ఇంటి మెట్లే. నెలకోసారి ఒకే వేగంతో ఎక్కి, ఎక్కడ ఆగవలసి వచ్చిందో రాసుకోండి. గత నెల కన్నా ముందే ఆగితే శ్వాస పరీక్ష చేయించుకోండి. ఊదుడు పరీక్ష ఒక్కటి సరిపోదు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత దాటుతోందో కొలిచే డీఎల్‌సీఓ అనే పరీక్ష ఉంటుంది, దాని గురించి డాక్టరును అడగండి.

క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు వృషణాల క్యాన్సర్ కుటుంబానికే చెందిన గడ్డ రెండు ఊపిరితిత్తుల నడుమ వచ్చింది. 2012లో అమెరికాలో ఐన్‌హార్న్ దగ్గర కీమో తీసుకుని, ఆ సెప్టెంబరులోనే భారత జట్టులోకి తిరిగొచ్చాడు. విశాఖపట్నంలో ఆడవలసిన తొలి మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది, తర్వాతి మ్యాచ్ చెన్నైలో ఆడాడు. తన జబ్బు పేరు అతడు అందరి ముందూ చెప్పాడు. మీరు అందరికీ చెప్పనక్కర్లేదు. మత్తు డాక్టరుకు చెప్పండి, ఊపిరితిత్తుల డాక్టరుకు చెప్పండి, ఇంట్లో ఒక్కరికి చెప్పండి. ఈ రాత్రే ఆ అట్టపెట్టె దించి, బ్లియోమైసిన్ అని రాసి ఉన్న పేజీ ఫోటో తీసి ఆ ఒక్కరికి పంపండి.